వేషమా, పోలికా, గుణమా? కథలో మనిషికి బట్టలు కుట్టించే ముందు

"అక్కా, పేదరాశి పెద్దమ్మ డ్రెస్ కుట్టాలె. చీర మాత్రం వద్దు."

కాలేజీ ఫెస్టుకు నెల రోజుల ముందు ఒక అమ్మాయి షాపు గడప దాటకుండానే అన్న మాట ఇది. హన్మకొండలో ఇరవై ఏళ్లుగా కుట్టుపని చేస్తున్నాను. రాకుమారులను కుట్టాను, మంత్రగత్తెలను కుట్టాను, ఒకసారి బేతాళుణ్ని కూడా కుట్టాను. తెల్ల దుప్పటి, మూడు గంటల పని. పెద్దమ్మ కావాలని మాత్రం అంతవరకూ ఎవరూ రాలేదు. "చీర లేకుండ పెద్దమ్మ ఎట్లయితది బిడ్డా?" అంటే, "అది మీరే చెప్పాలె కద" అని స్టూలు లాక్కొని కూర్చుంది.

ఆ డ్రెస్ ఏమైందో చివర్లో చెబుతాను. ముందు ఇలాంటి పని పట్టుకొచ్చేవాళ్లలో చాలామంది ఎక్కడ తప్పుతారో చెప్పాలి. ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించి "సేమ్ ఇట్లనే" అంటారు. బొమ్మలో మనిషి కదలకుండా నిలబడి ఉంటాడు. మీరు మాత్రం ఆ బట్టలో మెట్లెక్కాలి, బండి నడపాలి, కింద కూర్చొని అన్నం తినాలి. బొమ్మలో అందంగా పరుచుకున్న పొడుగు వెనకభాగం స్కూటీ చక్రంలో పడితే ఎలా ఉంటుందో నేను చూశాను.

కథలో మనిషిని బట్టలోకి తేవడానికి నాకు తెలిసి మూడు దారులున్నాయి. మొదటిది వేషం. చూడగానే ఫలానా అని చిన్నపిల్లలు కూడా చెప్పేయాలి. రెండోది పోలిక. ఆ కథ తెలిసినవాళ్లు గుర్తుపడతారు, తెలియనివాళ్లకు అది మామూలు మంచి డ్రెస్సే. మూడోది గుణం. చూసేవాళ్లు గుర్తుపట్టకపోయినా ఫరవాలేదు, ఆ మనిషి స్వభావం కటింగులో ఉంటుంది, తొడుక్కున్నవాళ్లకు ఆ సంగతి తెలుసు.

ఏది కావాలో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. ఎన్నిసార్లు తొడుక్కుంటారు? ఒక్కసారికైతే వేషం. రెండు మూడు ఫంక్షన్లకు పోలిక. పది రోజులకోసారైనా బయటికి వేసుకెళ్లాలంటే గుణం. డబ్బు లెక్క కూడా దీన్ని బట్టే. విచిత్రంగా వేషానికి గుడ్డ చవక, గుణానికి కుట్టుకూలి ఎక్కువ. ఎందుకంటే వేషంలో తప్పులను పూసలు, జరీ, మెరుపు కాగితం దాచేస్తాయి. గుణంలో దాచడానికి ఏమీ ఉండదు.

ఒకే ఫకీరు, మూడు కుట్లు

మాయల ఫకీరునే తీసుకుందాం. బాలనాగమ్మ కథలో వాడు ఆమెను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో దాగి ఉంటుంది. ఆ చిలక బాలనాగమ్మ కొడుకు చేతికి చిక్కినప్పుడే వాడి పని అయిపోతుంది.

వేషంగా అడిగితే నా దగ్గర సమాధానం రెడీగా ఉంటుంది. మడమల దాకా నల్ల అంగరఖా, మెడలో పెద్ద పూసలు, తలకు చుట్టిన గుడ్డ, చేతిలో కర్ర, భుజం మీద ప్లాస్టిక్ చిలక. స్టేజీ మీద పది నిమిషాలకు ఇంతకన్నా అక్కర్లేదు. కాకపోతే ఆ చిలక భుజం మీద ఎందుకుందని ఎప్పుడూ అనుకుంటాను. ప్రాణాన్ని అలా భుజం మీద పెట్టుకొని తిరిగేవాడైతే కథ మొదటి పూటకే అయిపోయేది.

పోలికగా ఒకరి సంగీత్‌కు కుట్టాను. నల్ల కుర్తా, వీపు మీద భుజం నుంచి భుజానికి రెక్కలు చాపిన చిలక, మగ్గం వర్క్. ఫోటోల్లో బాగా వచ్చింది. బండి మీద వీపుకు బ్యాగు తగిలించుకుంటే మాత్రం వర్క్ పోతుంది, ఆ సంగతి ముందే చెప్పి కుట్టాను. పోలికలో ఉండే ఇబ్బంది ఇదే. గుర్తు పెద్దదైతే బట్ట దానికి లోబడిపోతుంది. చిన్నదైతే ఎవరికీ అందదు. ఎంత పెద్దగా ఉండాలో ట్రయల్ రోజు అద్దం ముందు కాగితం బొమ్మ పిన్ను పెట్టి చూసుకోవాలి, మాటల్లో తేలదు.

గుణంగా కుట్టించుకున్న అబ్బాయి ఒక్కడే. అది నాకు ఇప్పటికీ ఇష్టమైన పని. ఫకీరు గుణం ఏమిటి? నలుపూ కాదు, గడ్డమూ కాదు. దాచడం. అందుకని మెడ దాకా మూసుకునే బంద్‌గలా కోటు. పైన బొమ్మ లేదు, పూస లేదు, మరీ నల్లగా కాకుండా నీలం కలిసిన నలుపు. ముందు ఏడు గుండీలు. మామూలుగా ఆ పొడుగుకు ఐదో ఆరో సరిపోతాయి, ఏడు సముద్రాలు కాబట్టి ఏడు. ఏడూ విప్పితే ఎడమవైపు లైనింగ్ మీద, సరిగ్గా గుండె దగ్గర, బొటనవేలంత చిలక. ఆకుపచ్చ పట్టుదారం, చేతికుట్టు. ఇంటర్వ్యూకు కూడా అదే వేసుకెళ్లానని తర్వాత చెప్పాడు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. దానికి రెండేళ్ల ముందు ఇంకొకరికి ఇదే ఫకీరు కోటును వెల్వెట్‌తో, పూర్తి లైనింగ్ వేసి కుట్టాను. కార్యక్రమం ఏప్రిల్‌లో. ఓరుగల్లు ఎండల సంగతి తెలిసి కూడా మెరుపు చూసి మోసపోయాను. ఆ పిల్లవాడు పావుగంటకే కోటు విప్పి చేతిలో పట్టుకున్నాడు. మార్చి నుంచి జూన్ మధ్య వేసుకునేదైతే వెల్వెట్, శాటిన్ లైనింగ్, గొంగడి లాంటి ముతక ఊలు, వీటి పేరే ఎత్తొద్దు. కాటన్ కోటుకు వీపు సగం వరకే లైనింగ్ వేసి, కుట్టు అంచులకు పైపింగ్ కొడితే లోపల చూడటానికి కూడా బాగుంటుంది, గాలి కూడా ఆడుతుంది.

బాలనాగమ్మ కావాలని వచ్చేవాళ్లు ఎప్పుడూ లెహంగానే అడుగుతారు, రాణి కదా అని. కానీ కథలో ఎక్కువ భాగం ఆమె బందీ. నోము పేరు చెప్పి ఫకీరును ఏళ్ల తరబడి దూరం పెట్టిన మనిషి. ఆమెకు నేనైతే రెండువైపులా వేసుకునే పొట్టి జాకెట్ చెబుతాను. ఒకవైపు ముతక కాటన్, తిప్పితే పట్టు. రెండువైపులా తొడిగే బట్టకు కుట్టుకూలి దాదాపు రెండింతలవుతుందని కూడా చెబుతాను, అక్కడ చాలామంది మళ్లీ లెహంగాకే వెళ్లిపోతారు.

రాణి రుద్రమ వేషం అడిగేవాళ్లకు ఒక మాట. ఆమె కథలో పాత్ర కాదు, ఈ నేల ఏలిన మనిషి. అక్కడ మన ఊహకు హద్దుంది.

బొమ్మ ఎక్కడ వెతకాలి

ఇంటర్నెట్ బొమ్మలకన్నా మన చుట్టూ ఉన్నవే బాగా పనికొస్తాయి, కానీ దేన్ని దేనికి వాడాలో తెలియాలి. జానపద కథల మనుషులకు చేర్యాల నకాషీ పటాలు చూడండి. ఎర్ర నేపథ్యం మీద మనుషులు, జంతువులు వరసగా ఉంటారు. ఎవరు ఏ రంగు కట్టారు, తలపాగా ఎంత ఉంది, అంచు ఎంత వెడల్పు, అన్నీ చదునుగా, స్పష్టంగా కనిపిస్తాయి. టైలర్‌కు కావలసింది అదే.

రాణులకు, నర్తకిలకు రామప్ప. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. చూరు కింద నల్లరాతి మదనికలను, అంటే ఆడమనుషుల శిల్పాలను, చూసి డ్రెస్ కుట్టమని అడుగుతారు. జాగ్రత్తగా చూస్తే అక్కడ నగ ఎక్కువ, బట్ట తక్కువ. కాబట్టి రామప్ప నుంచి తెచ్చుకోవలసింది బట్ట కాదు, నిలబడే తీరు. ఒక తుంటి పైకి, ఒకటి కిందకి. ఆ వంపు రావాలంటే రెండువైపులా ఒకేలా ఉండే కట్ కాకుండా ఒక పక్కకు వాలే కుచ్చులు పెట్టాలి. ఎత్తు మడమల చెప్పులున్న మదనిక ముందు అందరూ ఫోటో దిగుతారు. దాన్ని డ్రెస్‌లోకి తేవాలంటే చెప్పుల షాపుకు పోవాలి, నా దగ్గరికి కాదు.

గుడ్డ ఎంపిక: ఇక్కడ తొందర వద్దు

సిద్దిపేట గొల్లభామ, మహదేవపూర్ టస్సర్, పోచంపల్లి ఇక్కత్, సిరిసిల్ల మరమగ్గం గుడ్డ. మాకు తేలిగ్గా అందేవి ఇవి. నాలుగింటికీ నాలుగు స్వభావాలు.

గొల్లభామలో బొమ్మను మగ్గం మీదే నేస్తారు, అద్దకం కాదు, ఎంబ్రాయిడరీ కాదు. కుండ ఎత్తుకున్న ఆడమనిషి వరసగా అంచు మీద నిలబడి ఉంటుంది. కష్టజీవి పాత్రలకు, ఊరి మనుషులకు ఇంతకన్నా మంచి గుడ్డ నాకు తెలియదు. కానీ దీన్ని అంబ్రెల్లా కట్‌కు ఇవ్వొద్దు. అంబ్రెల్లా అంచు గుండ్రంగా తిరుగుతుంది, నేసిన అంచు తిన్నగా ఉంటుంది, రెండూ కలవవు. అంచును కత్తిరించి ముక్కలుగా అతికిస్తే గొల్లభామల కాళ్లు, తలలు వేరవుతాయి. గొల్లభామకు కుచ్చుల లంగా లేదా తిన్నగా దిగే కుర్తా, అంతే.

టస్సర్ మద్ది చెట్ల మీద పెరిగే పురుగుల గూళ్ల నుంచి వచ్చే పట్టు. రంగు వేయకపోతే తేనె, ఎండిన గడ్డి కలిసినట్టు ఉంటుంది, దారంలో అక్కడక్కడ లావులు. అడవిలో తిరిగే పాత్రలు, మునులు, వేటగాళ్లు, శాపం తగిలిన రాజులు, వీళ్లకు రంగు వేయని టస్సర్ ఇస్తే సగం పని గుడ్డే చేసి పెడుతుంది. దాని చెడ్డగుణం, కోసిన అంచు పోగులు పోగులుగా ఊడిపోతుంది. కటింగ్ అయిన వెంటనే ఓవర్‌లాక్ కొట్టాలి, కుట్టుకు వదిలే అంచు అర అంగుళం కాదు, ముప్పావు అంగుళమైనా ఉండాలి. ఒంటికి బిగుతుగా కుట్టిస్తే చంక దగ్గర కుట్టు చీలుతుంది.

ఇక్కత్‌లో నేతకు ముందే దారానికి ముడులు వేసి రంగు అద్దుతారు. అందుకే బొమ్మల అంచులు కొంచెం కరిగినట్టు ఉంటాయి. రూపాలు మార్చే పాత్రలకు ఇది సరిగ్గా సరిపోతుందని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, అది కాలేజీ ప్రొఫెసర్ల బట్ట అంటారు. ఏదైనా, ముందు తెరుచుకునే కోటుకు ఇక్కత్ వాడితే గుండీల పట్టీ దగ్గర రెండువైపుల డిజైన్ కలవాలి, జేబుల దగ్గర కలవాలి, చేయి అతికే కుట్టు దగ్గర కలవాలి. మామూలుకన్నా అరమీటరు నుంచి ముప్పావు మీటరు ఎక్కువ తెచ్చుకోండి. ఎక్కువ తెచ్చుకోలేకపోతే ముందుభాగంలో కుట్టు లేని డిజైన్ ఎంచుకోండి.

సిరిసిల్ల గుడ్డను నేను ఎక్కువగా ట్రయల్‌కు వాడతాను. ఖరీదైన గుడ్డ కోసే ముందు చవక గుడ్డతో ఒకసారి పచ్చికుట్టు వేసి తొడిగి చూడటం అన్నమాట. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల్లో ఎక్కువ అక్కడ నేసినవే. ఇంట్లో కట్టకుండా మడతపెట్టిన చీర ఉంటే తెచ్చివ్వండి, జారే బట్టల ట్రయల్‌కు బాగా పనికొస్తుంది. కోటుకు మాత్రం అది పనికిరాదు, జారిపోతుంది. కోటు ట్రయల్‌కు పాత కాటన్ దుప్పటి.

నేల మీద పరిచే వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ జంపఖానాతోనే కోటు కుట్టమని ఒకరు వచ్చారు. కుట్టొచ్చు, నిలబెడితే నిలబడుతుంది, మనిషి లోపల ఉండనక్కర్లేదు. దాన్ని సంచికి వాడండి. కథల్లో మూట, జోలె, సంచి లేని ప్రయాణికుడు ఉండడు కదా.

లెక్క ఒకటి గుర్తుంచుకోండి. నడుము 30 అంగుళాలు, పొడవు 38 అంగుళాలైతే, 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డలో పూర్తి అంబ్రెల్లాకు నాలుగున్నర మీటర్లు కావాలి. అంతకన్నా పొడవైతే ఆ పన్నాలో సగం చుట్టు పట్టదు, అతుకులు పడతాయి. చేనేత గుడ్డల పన్నా ఒక్కోసారి ఇంకా తక్కువ ఉంటుంది, కొనేటప్పుడు టేపు పెట్టి కొలిచి తీసుకోండి. కాటన్ ఏదైనా కోసే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. ఈ పని ఇంట్లోనే చేసి తెస్తే మాకు ఒక రోజు మిగులుతుంది.

ఎవరికి ఇవ్వాలి

స్కూలు పిల్లల ఫ్యాన్సీ డ్రెస్‌కు అద్దె డ్రెస్సే మేలు. నా దగ్గరికి రాకండి. పిల్లలు ఆరు నెలల్లో ఎదుగుతారు, వేషం బీరువాలో మిగులుతుంది. అద్దె బట్టల్లో మెడ, చంక శుభ్రంగా ఉన్నాయో లేదో మాత్రం వాసన చూసి తీసుకోండి.

బ్లౌజులు బాగా కుట్టే టైలర్ కోటు కూడా బాగా కుడతారనుకోవద్దు. అది వేరే చేయి. ఫకీరు కోటు కటింగ్ నాదే అయినా కాలర్, భుజం పని సూట్లు కుట్టే మాస్టర్‌తో చేయించాను. కోటు నిలబడటానికి లోపల కాన్వాస్ గుడ్డ వేస్తారా, ఇస్త్రీతో అంటుకునే ఫ్యూజింగ్ అంటిస్తారా అని అడగండి. ఫ్యూజింగ్ చవక, ఫరవాలేదు, కానీ కాటన్ కోటును ఇంట్లో ఉతుకుతూ ఉంటే కొన్నాళ్లకు బుడగలు లేస్తాయి.

బొటిక్‌లో డిజైనర్ మీతో కూర్చొని మాట్లాడతారు, దానికి డబ్బు. వీధి టైలర్‌కు ఆ టైమ్ ఉండదు. వీధి టైలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాటలు మీరే సిద్ధం చేసుకోవాలి. ఎలా అంటే, పాత్ర ఏం తొడిగిందో రాసుకోకండి, ఏం చేసిందో రాసుకోండి. క్రియాపదాలు నాలుగు చాలు. కొలతలకు మీకు సరిగ్గా పట్టిన పాత కుర్తా ఒకటి ఆదికి ఇవ్వండి.

పెద్దమ్మకు ఏం కుట్టామంటే

పేదరాశి పెద్దమ్మ చీర ఏ రంగో ఏ కథా చెప్పదు. ఊరి చివర ఇల్లు, పొద్దుపోయాక తలుపు తట్టిన రాకుమారుడికి ఇంత అన్నం పెడుతుంది, ఊళ్లో సంగతులు చెబుతుంది, రాకుమారికి పూలతోపాటు కబురు కూడా చేరవేస్తుంది. ఆ అమ్మాయితో కాగితం మీద రాయించాను: వండుతుంది, వింటుంది, దాస్తుంది, చేరవేస్తుంది.

వండుతుంది కాబట్టి మోచేయి దాటిన చేతులు, పైకి మడిచి గుండీ పెట్టుకునే పట్టీతో. మసి కనపడని ఇటుక రంగు కాటన్. దాస్తుంది కాబట్టి రొంటి దగ్గర, ముసలమ్మలు చిల్లర దోపుకునే చోట, నడుము కుట్టులో కలిసిపోయిన జేబు. బయటికి నోరు కనపడదు, చేయి పెడితేనే తెలుస్తుంది. చేరవేస్తుంది కాబట్టి కొంగు. ఎడమ భుజం నుంచి ఏటవాలుగా దిగి కుడి నడుము దగ్గర గుండీకి తగులుకునే ఒక పట్టీ, దాని చివర గొల్లభామ అంచు. వినడానికి మాత్రం కుట్టులో మాకు ఏమీ దొరకలేదు, వదిలేశాం. కింద గోచీ పోసి కట్టిన చీరలా కనిపించే ధోతీ ప్యాంటు. మన దగ్గర పెద్దవాళ్లు ఎందరో అలాగే కట్టేవాళ్లు, ఆ పోలిక అడగకుండానే వచ్చి చేరింది.

మొదటి ట్రయల్‌లో కొంగు పట్టీ భుజం మీద నుంచి జారింది. లోపల రెండు టిచ్ గుండీలు వేశాం. జేబు లోతు నాలుగంగుళాలు పెడితే ఫోన్ పట్టలేదు, ఏడున్నరకు పెంచాం. ప్రైజు బంగారు కిరీటం పెట్టుకున్న వేరే రాకుమారికి వచ్చిందట. జడ్జీలకు ఎవరో చెబితే తప్ప పెద్దమ్మ అని తెలియలేదని నవ్వింది. వేషం కావాల్సిన చోట గుణం కుట్టాను, నా అంచనాలోనూ పొరపాటుంది. కానీ ఆ డ్రెస్‌లోనే నెలకోసారైనా ఇటువైపు కనిపిస్తుంది. బస్ పాస్, తాళాలు రొంటి జేబులోంచే తీస్తుంది.

టైమ్ గురించి చెప్పి వదిలేస్తాను. వేషానికి వారం చాలు. పోలికలో మగ్గం వర్క్ ఉంటే మూడు వారాలు. గుణానికి రెండు ట్రయల్స్ కలుపుకొని నెల పెట్టుకోండి. అది కూడా దసరా కాలంలో కాదు. ఎంగిలిపూలకు పదిహేను రోజుల ముందు నుంచి సద్దుల బతుకమ్మ దాకా హన్మకొండలో ఏ టైలర్ దగ్గరికైనా వెళ్లి ఏడు గుండీలు, ఏడు సముద్రాలు అనండి, ఆది జాకెట్ల గుట్ట వెనక నుంచి ఎలా చూస్తారో మీకే తెలుస్తుంది.